పైడమ్మ ఎత్తుకు కట్టిన పార్లర్

2015 జూన్ నెల. విజయనగరంలో పాలు తీసే మిషన్లు అమ్మే ఒక డీలరు దగ్గర నేను సర్వీసు ఇంజినీరుగా చేరి అప్పటికి ఆరేళ్ళయింది. ఇంజినీరు అన్నది నా కార్డు మీది మాట. చదివింది మెకానికల్ డిప్లొమా. రెండు జిల్లాల్లో ఎక్కడ ఏ డెయిరీలో మిషను మూలిగినా నా మోటారు సైకిలు అక్కడికి పోవాల్సిందే. కొత్తగా పెట్టుకుంటామనే వాళ్ళ ఇంటికి వెళ్ళి, స్థలం చూసి, కొలతలు తీసి, మొత్తం ఎంతవుతుందో ఎస్టిమేట్ రాసివ్వడం కూడా నా పనే. ఆ ఎస్టిమేట్ల విషయంలో నాకు కాస్త పొగరుండేది. సిమెంటు బస్తా దగ్గర నుంచి రబ్బరు వాషరు దాకా ఏదీ వదిలిపెట్టనని నా మీద నాకు గొప్ప నమ్మకం. ఆ నమ్మకం ఎలా దిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాజాం నుంచి పది కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊరి నుంచి సింహాచలం అనే ఆయన ఫోను చేశాడు. "బాబూ, మా ఇంటికాడ పాలు తీసే పార్లర్ కట్టాల. ఎంతవుతాదో సూసి సెప్పాల. బేగి రండి" అన్నాడు.

ఆయన నోట పార్లర్ అనే మాట విని ఆశ్చర్యపోయాను. మా వైపు పది పన్నెండు గేదెలుంటే పెద్ద డెయిరీ కిందే లెక్క. అలాంటి వాళ్ళు అడిగితే గిడిగితే బకెట్ మిషను అడుగుతారు. మూతున్న స్టీలు బకెట్టుకి గొట్టాలు తగిలించి, పశువు పక్కన పెట్టుకుని పాలు తీసుకోవడమే. పార్లర్ అంటే అలా కాదు. అది పాలు తీయడానికని ప్రత్యేకంగా కట్టే గది. పశువులు వరసగా వచ్చి గట్టు మీద నిలబడతాయి. వాటి వెనక, గట్టుకి దిగువన, పాలు తీసే మనిషి కోసం కందకం లాంటిది తవ్వుతాం. దాన్ని పిట్ అంటాం. అందులో నిలబడితే పొదుగు మన ఛాతీ ఎత్తుకి వస్తుంది. వంగాల్సిన పని లేదు, గొంతుక్కూర్చోవాల్సిన పని లేదు. సౌకర్యం చాలా ఉంటుంది, ఖర్చూ అలాగే ఉంటుంది.

నేను వెళ్ళేసరికి సాయంత్రం నాలుగైంది. సింహాచలం ఆరడుగుల మనిషి. యాభై ఐదేళ్ళుంటాయి. సాలూరు నుంచి రాయపూర్ దారిలో ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. మొదట్లో ఎవరిదో బండి, తర్వాత సొంత బండి. నెలలో వారం ఇంట్లో ఉంటే ఎక్కువట. ఆయన నన్ను నేరుగా పశువుల సాలలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన భార్య పైడమ్మ పాలు తీస్తోంది. పొట్టి మనిషి. గేదె డొక్కకి తల ఆనించి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా పిండుతోంది. మమ్మల్ని చూసి లేవబోయింది. లేవడానికి గేదె కాలు పట్టుకోవాల్సి వచ్చింది.

"సేతులు సూపించవే" అన్నాడు సింహాచలం.

"ఏటున్నాయి సేతుల్లో సూడ్డానికి?" అని ఆవిడ చీర కొంగులో దాచుకుంది.

తర్వాత నెమ్మదిగా చూపించింది. మా వైపు చాలామంది బొటనవేలిని లోపలికి మడిచి, ఆ కణుపుతో చన్ను అదిమి పాలు పిండుతారు. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఆవిడ చేసింది అదే పని. రెండు బొటనవేళ్ళూ కణుపుల దగ్గర ఉబ్బిపోయి, మడిచినవి మడిచినట్టే బిగుసుకుపోయాయి. మోకాళ్ళు కూడా అరిగిపోయాయట. ఇంకా పాలు పిండితే ఆ చేతులతో అన్నం కూడా కలుపుకోలేవని రాజాంలో డాక్టరు చెప్పాడు.

"గేదెలమ్మేసి కూకోమన్నాడు బాబూ ఆ డాక్టరు" అంది పైడమ్మ. "ఆటినమ్మేసి నాను కూకుని ఏటి సెయ్యాల? గోడలు సూడాలా?"

పన్నెండు గేదెలకీ పేర్లు పెట్టుకుని పిలుచుకునే మనిషి ఆవిడ. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయి ఎవరిళ్ళల్లో వాళ్ళున్నారు. భర్త రోడ్ల మీద ఉన్న ఇన్నేళ్ళూ ఆవిడ మాట్లాడిందంతా ఆ గేదెలతోనే. అవి ఉంటే చేతులు పోతాయి, చేతులు మిగలాలంటే అవి పోవాలి. ఆవిడ ముందున్న చిక్కు అది.

"మరి మీరు తీయచ్చు కదండీ పాలు" అన్నాను సింహాచలంతో.

పైడమ్మ ఫక్కున నవ్వింది. "అడగండి బాబూ, అడగండి. పోయిన నెల్లో నా సీర కట్టుకుని, ముసుగేసుకుని కూకున్నాడు. నానే అనుకుని పాలిత్తాదని. రంగి ఒక్క తన్ను తన్నితే సెంబుతో సహా గోడకాడ పడ్డాడు. ఊరంతా వచ్చి సూసినారు. నా గేదెలకి ఈయన సుట్టం కూడా కాదు, దారిన పోయేవోడు."

సింహాచలం తల గోక్కున్నాడు. కోపం రాలేదు. నన్ను బయటికి తీసుకొచ్చి, "లారీకి బేరం వచ్చింది. ఆరున్నర లచ్చలిత్తామన్నారు. సీటీల పాట పాడితే ఇంకో రెండొత్తాది. సరిపోతాదా?" అని అడిగాడు.

నేను నిజాయితీగానే చెప్పాను. పన్నెండు గేదెలకి పార్లర్ దండగ అన్నాను. లక్షా ఇరవైలో రెండు బకెట్ మిషన్లు వస్తాయన్నాను.

"బకెట్టుకైనా కూకోవాల కదా బాబూ? అది కూకుని లెగనేకపోతంది. నిలబడి పాలు తియ్యాల అది. నిలబడి" అన్నాడు. ఆ ఆఖరి మాట రెండోసారి అన్నప్పుడు నా మొహంలోకి చూడలేదు, సాల వైపు చూశాడు. నాకు ఇంక వాదించబుద్ధి కాలేదు.

వారం కూర్చుని ఎస్టిమేట్ రాశాను. ఒకే వరసలో నాలుగు గేదెలు నిలబడే చిన్న పార్లర్. వాక్యూమ్ పంపు, అంటే గాలిని లాగే మోటారు. నాలుగు క్లస్టర్లు, అంటే చన్నులకి తగిలించే నాలుగేసి కప్పుల గుత్తులు. పాలు పోయే స్టీలు గొట్టాలు, గాజు జాడీ. పల్సేటర్లు, అంటే దూడ చప్పరించినట్టు లాగుతూ వదులుతూ ఉండేట్టు చేసే పరికరాలు. వీటికి నాలుగు లక్షల ఇరవై వేలు. పిట్, కాంక్రీటు గట్టు, కాలువలు, నీళ్ళు పారే వాటం కలిపి లక్షా తొంభై. పైన రేకులు ఎనభై వేలు. గేదెలు నిలబడే చోట ఇనప పైపుల కంచె తొంభై వేలు. కరెంటు పోతే పాలు సగంలో ఆగకూడదు కాబట్టి జనరేటరు అరవై వేలు. రబ్బరు పరుపులు, వేడినీళ్ళ ట్యాంకు, కడిగే తొట్టి ఇరవై ఐదు వేలు. మొత్తం ఎనిమిది లక్షల అరవై ఐదు వేలు. కప్పుల లోపల ఉండే రబ్బరు లైనర్లు ఎప్పటికప్పుడు మార్చాలని, దానికి ఏటా ఎంతవుతుందో కూడా రాశాను.

పిట్ లోతు అందరికీ ఒకటే ఉండదు. దిగే మనిషి ఎత్తును బట్టి తవ్వాలి. నేను టేపు తీసి పైడమ్మను గోడకి ఆనించి నిలబెట్టి కొలిచాను. నాలుగడుగుల పది అంగుళాలు. పిట్ రెండున్నర అడుగులు చాలని రాసుకున్నాను. ఆవిడ సిగ్గుపడుతూ, "పెళ్ళికి కూడా నన్నెవులూ ఇలగ కొలవనేదు" అంది. ఒక మనిషి కొలతకి సరిపోయేట్టు పార్లర్ కట్టిస్తున్నానని నాకు గర్వంగా అనిపించింది. దిగడానికి నాలుగు మెట్లు, పక్కన పట్టుకోవడానికి పైపు కూడా వేయించాను.

లారీ అమ్మిన రోజు నేనక్కడ లేను. కొన్నవాళ్ళు బండి తీసుకుపోయాక సింహాచలం ఆ సాయంత్రం అన్నం తినలేదని పైడమ్మ తర్వాత చెప్పింది. మొదట్లో ఆవిడకి లారీ అమ్మడం ఇష్టం లేదు. "బండి నేకపోతే ఈ మనిసి ఇంటికాడ ఏటి సేత్తాడు? నాలుగు రోజులు కుదురుగా కూకోనేడు" అని నా దగ్గర దిగులు పడింది.

పని పూర్తయ్యేసరికి నవంబరు వచ్చింది. గేదెలు ఎక్కువ ఈనే కాలం. తొమ్మిది పాలిస్తున్నాయి. పది రోజుల పాటు రోజూ మోటారు ఊరికే నడిపించి, ఆ చప్పుడుకి గేదెలను అలవాటు చేశాం. తవుడు చూపిస్తే బుద్ధిగా గట్టెక్కి నిలబడేవి. అంతా సజావుగా ఉందనుకుని ముహూర్తం పెట్టుకున్నాం. కొబ్బరికాయ కొట్టారు. పైడమ్మ కొత్త చీర కట్టుకుని, పైపు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి పిట్‌లో నిలబడింది. పొదుగులు సరిగ్గా ఆవిడ ఛాతీ ఎత్తులో ఉన్నాయి. నేను మీట నొక్కాను. టిక్కు టిక్కుమంటూ పల్సేటర్లు మొదలయ్యాయి. కప్పులు తగిలించాం.

జాడీలోకి ఒక్క చుక్క రాలేదు.

గేదె పొదుగులోని పాలను చన్నుల్లోకి వదలడాన్ని చేపడం అంటారు. ఆవుకైతే కొన్ని పాలు కిందనే నిలవ ఉంటాయి, అది చేపకపోయినా మొదట కాసిని వస్తాయి. గేదె అలా కాదు. దానికి మనసు కుదిరి చేపితేనే పాలు. లేకపోతే పొదుగు కుండలా నిండి ఉన్నా చన్ను ఎండు గొట్టమే. ఆ సంగతి నాకు పుస్తకంలో తెలుసు. అప్పటిదాకా నేను కట్టించిన పార్లర్లన్నీ జెర్సీ ఆవులవి. కాబట్టి నేను మొదట మిషనునే అనుమానించాను. గాలి ఒత్తిడి పెంచాను, తగ్గించాను. పల్సేటర్లు విప్పి మళ్ళీ బిగించాను. కంపెనీకి ఫోను చేశాను. కొత్త కదా, అలవాటు పడతాయని వాళ్ళన్నారు.

ఐదు రోజులైనా అలవాటు పడలేదు. ప్రతి పూటా మిషను ఓడిపోవడం, ఆ తర్వాత పైడమ్మ పాత సాలలో గొంతుక్కూర్చుని తొమ్మిది గేదెలకీ ఆ వేళ్ళతోనే పిండటం. నాలుగో రోజు సాయంత్రం ఆవిడ పిండుతుంటే చూశాను. పెదవి కొరుక్కుంటోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం ఆపలేదు. సింహాచలం గడ్డివాము వెనక్కి వెళ్ళిపోయాడు. నా బతుకులో ఏ మిషను పాడైనా నేను అంత సిగ్గుపడలేదు.

పూర్తిగా పిండలేకపోవడంతో పాలు సగానికి పడిపోయాయి. ఒక గేదెకి పొదుగు గట్టిపడటం మొదలైంది. ఊళ్ళో ఒకతను వచ్చి, ఇంజెక్షనుంది, పూటకొకటి పొడిస్తే చచ్చినట్టు చేపుతుందని సలహా ఇచ్చాడు. పైడమ్మ అతని మీద లేచింది. "నా గేదెలకి సూదులు పొడిసి పాలు లాగనియ్యను. అలాటి పాలు నాకొద్దు" అంది. సింహాచలం అప్పుడు అన్నాడు, చాలా నెమ్మదిగా: "అమ్మేద్దాం పైడీ. నీ సేతులు సూడనేకపోతన్నాను."

"లారీ అమ్మేసినావు. ఇప్పుడు గేదెల్ని అమ్మేత్తావా బావా? రేపు మనిద్దరం ఏటి సూసుకుని లెగాల?"

సింహాచలం కబురు పెట్టిన గేదెల బేరగాడు వచ్చే గురువారం వస్తానన్నాడు. మధ్యలో మూడు రోజులు. మా యజమాని ఫోను చేసి మిషను బాగానే ఉంది కదా, వచ్చెయ్యమన్నాడు. మిషను నిజంగానే బాగుంది. నాకు మాత్రం రావాలనిపించలేదు. జ్వరమని అబద్ధం చెప్పి అక్కడే ఉండిపోయాను.

మర్నాడు పొద్దున పాలు తీసే వేళకి, ఏం చేయాలో తోచక, గట్టుకి ముందు వైపు, గేదెల తలలుండే చోటుకి వెళ్ళి నిలబడ్డాను. తవుడు వేయడానికి వదిలిన సన్నటి దారి అది. అప్పటిదాకా నేను గేదెలను పిట్‌లోంచి, వెనక నుంచే చూశాను. ముందు నుంచి చూడటం అదే మొదలు. రంగి తవుడు ముట్టడం లేదు. ఇనప పైపుల్లో మెడ ఎంతవరకు తిరిగితే అంతవరకు వెనక్కి తిప్పి చూస్తోంది. పిట్‌లోంచి పైడమ్మ గొంతు వినిపించినప్పుడల్లా చెవులు అటు తిరుగుతున్నాయి. మనిషి మాత్రం దానికి కనిపించదు. పక్కనున్న మూడు కూడా అదే పని.

"అమ్మా, ఇవేంటి ఇలా వెనక్కి చూస్తున్నాయి?" అని అడిగాను.

"నాకోసం ఎతుకుతన్నాయి బాబూ" అంది పైడమ్మ పిట్‌లోంచి, అదేమీ పెద్ద విషయం కానట్టు. "నాను ముందు ఎదురుగా నిలబడి, గడ్డం కింద గోకి, రెండు మాటలాడితే గాని అవి సేపవు. దూడ బతికినా సచ్చినా మా కాడ అదే అలవాటు. ఇక్కడ నాను గోతిలో ఉన్నాను. మాటినిపిత్తాది, మనిసి అవుపడదు. అవేటి సేత్తాయి పాపం?"

"ఇది మీకు ముందే తెలుసా?"

"మొదటి పూటే తెలిసినాది."

"మరి చెప్పలేదేం?"

"ఇంజినీరు బాబు మీరు. ఇంతింత పుస్తకాల్లో లెక్కలేసినారు. దీనికి కూడా ఏదో మిసను ఉంటాది, రేపో మాపో బిగిత్తారు అనుకున్నాను."

జూన్ నుంచి నవంబరు దాకా ఆ ఇంటికి ఇరవై సార్లు వెళ్ళి ఉంటాను. ప్రతిసారీ పని సంగతి సింహాచలంతోనే మాట్లాడాను. పైడమ్మను గోడకి నిలబెట్టి కొలిచాను గానీ, పాలెలా తీస్తావమ్మా అని ఒక్కసారైనా కూర్చుని అడగలేదు. లక్షలు పోసి కట్టించిన ఆ పిట్‌తో, గేదెలకి తెలిసిన ఒకే ఒక్క మనిషిని వాటికి కనిపించకుండా చేశాను.

వెంటనే ఆవిడను పైకి రమ్మన్నాను. ఆవిడ వచ్చి రంగి ముందు నిలబడింది. గడ్డం కింద చెయ్యి వేసి, "ఏటమ్మా, బెంగెట్టుకున్నావా? ఎక్కడికెల్తాను నాను?" అంది. నేను పిట్‌లోకి పరిగెత్తాను. నిమిషం గడిచేసరికి రంగి చన్నులు నిండి, నిగనిగలాడుతూ దిగాయి. నేను కప్పులు పెట్టబోతే కొత్త చెయ్యి తగిలి కాలు ఝాడించింది. ఆవిడ మెట్లు పట్టుకుని ఒక్కో మోకాలూ వంచుకుంటూ దిగి వచ్చి తగిలించేసరికి చేపు తగ్గిపోయింది. లీటరు వచ్చి ఆగిపోయింది. గేదె చేపు కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆవిడ ముందుండాలి, ఇంకెవరో వెనక ఉండాలి.

సింహాచలం గుమ్మం బయట గోడకి ఆనుకుని ఉన్నాడు. మిషను పెట్టిన దగ్గర్నుంచీ, గేదెలకి కనిపించకూడదని ఆయన పాలు తీసే వేళ లోపలికి రావడం లేదు. నేను పిలిచాను.

"వద్దు బాబూ. నన్ను సూత్తే తంతాయి."

"మిమ్మల్ని చూడవండీ. పిట్‌లో ఉన్న మనిషి వాటికి కనిపించడు. ఈ ఐదు రోజుల బాధంతా అదే కదా!"

అది అన్నాక నాకే వెలిగింది. పైడమ్మను దాచేసిన ఆ గొయ్యి ఈయన్ని కూడా దాచిపెడుతుంది.

ఆయన చెప్పులు విప్పి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని దిగాడు. ఘాట్ రోడ్లలో పది చక్రాల బండి తిప్పిన చేతులతో కప్పుల గుత్తి అందుకున్నాడు. పైడమ్మ ముందు నుంచి గోకుతూ చెబుతోంది. "ముందు పొదుగు నిమురు బావా. పైనుంచి కిందకి. గట్టిగా కాదు. ఆఁ, అలగ. రంగీ, ఊరుకోయే, మనోడే." రంగి చర్మం ఒకసారి జలదరించింది. కాలు ఎత్తింది, మళ్ళీ దించింది. ఆయన కప్పులు ఒక్కొక్కటీ తగిలించాడు. టిక్కు టిక్కుమంది. గాజు జాడీలో తెల్లటి ధార పడింది. ఆగలేదు.

"వత్తన్నాయా?" అని పైడమ్మ ముందు నుంచి అరిచింది. ఆవిడున్న చోటుకి జాడీ కనిపించదు.

సింహాచలం పంచెతో మొహం తుడుచుకుంటుంటే నేనే అరిచాను, "వస్తున్నాయమ్మా, బాగా వస్తున్నాయి" అని. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవాలనిపించలేదు.

గురువారం బేరగాడు వచ్చి కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది నా కొలత. నాలుగడుగుల పది అంగుళాల మనిషికి తవ్విన పిట్‌లో ఆరడుగుల మనిషి నిలబడాలి. రెండు పూటలూ వంగి వంగి వారానికల్లా ఆయన నడుం పట్టేసింది. అసలే ముప్పై ఏళ్ళు స్టీరింగు ముందు అరిగిన నడుం. కాంక్రీటు పగలగొట్టి ఇంకో అడుగు దింపుదామంటే కాలువ వాటం కూడా మళ్ళీ వేయాలి. నలభై వేలవుతుందని లెక్క చెప్పాను. సింహాచలం విని, బస్సెక్కి సాలూరు వెళ్ళాడు. అక్కడ తనకు తెలిసిన పాత లారీల షెడ్డులో ఒక డ్రైవరు సీటు కొని, కింద ఇనప చట్రానికి నాలుగు చక్రాలు వెల్డింగు చేయించి తెచ్చాడు. దాని మీద కూర్చుంటే పొదుగు సరిగ్గా కళ్ళ ఎదుట ఉంటుంది. కాలితో నేలను తంతే సీటు పక్క గేదె దగ్గరికి జరుగుతుంది. మొత్తం రెండు వేల మూడొందలు.

"మల్లీ డ్రైవరు ఉజ్జోగమే వచ్చింది బాబూ ఈయనకి" అంది పైడమ్మ. "రోడ్డే కొంచెం సిన్నది."

ఆవిడ నిలబడే చోట కింద రబ్బరు పరుపు, ఆనుకోవడానికి ఒక పైపు వేయించాను. ఆ పద్దెనిమిది వందలూ నేనే పెట్టుకున్నాను. ఎస్టిమేట్‌లో అసలు ఉండాల్సిన ఖర్చది. ఆ తర్వాత ఎవరు పార్లర్ కట్టాలన్నా, టేపు తీసే ముందు రెండు పూటలు ఆ ఇంటి సాలలో ఊరికే కూర్చుంటాను. గేదె ఎవరిని చూసి చేపుతుందో ఆ మనిషిని పిలిచి, నువ్వు చెప్పు, ఎలా కట్టమంటావని అడుగుతాను. చాలాసార్లు ఆ మనిషి ఇంటి ఆడమనిషే. చాలాసార్లు ఆవిడను అప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు.

మూడేళ్ళ తర్వాత, 2018లో, లైనర్లు మార్చడానికి ఆ ఊరు వెళ్ళాను. పైడమ్మ చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. విశాఖపట్నంలో మోకాలి ఆపరేషను అయి రెండు నెలలైందట. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉందట. నాకు మొదట గేదెలే గుర్తొచ్చాయి.

"మరి పాలు? మీరు లేకుండా ఎలా చేపాయి?"

"నానూ అదే బెంగెట్టుకున్నాను బాబూ. ఆపరేసను వద్దంటే వద్దన్నాను. ఈయనే మొండికేసి తీసుకెల్లి సేర్పించినాడు. మా సెల్లిని నా బదులు ముందు నిలబెడితే రంగి మొకం తిప్పేసుకుందట."

సింహాచలం పక్కనే నవ్వుతూ కూర్చున్నాడు. మిగతాది ఆయన చెప్పాడు. రోజూ పాలు తీసేటప్పుడు ఇద్దరూ కబుర్లాడుకుంటారట. ఆవిడ గేదెల ముందు, ఆయన వెనక పిట్‌లో. ఆయన తన లారీ కథలన్నీ చెబుతాడు. ఏ ఘాట్‌లో బ్రేకులు పోయాయి, ఏ ధాబాలో ఎవరు అన్నం పెట్టారు, ఏ వానలో మూడు రోజులు ఎక్కడ ఇరుక్కున్నాడు. ఇంట్లో ముప్పై ఏళ్ళూ చెప్పే తీరిక లేని కథలు. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళిన మొదటి పూట గేదెలు చేపలేదు. రెండో పూట ఆయనకి ఏం చేయాలో తోచక, ముందు ఎవరూ లేకపోయినా, సీట్లో కూర్చుని రోజూ చెప్పినట్టే గట్టిగా కథ మొదలుపెట్టాడు. సగం కథలో రంగి చేపింది. తర్వాత పక్కది. తర్వాత అన్నీ.

"మూడేల్ల నుంచీ నా కతలు ఇంటన్నాయి కదా బాబూ" అన్నాడు. "ఆటికీ అలవాటైపోనాను."

ఆ పూట రంగి చేపగానే ఆయన చేసిన పని, జేబులోంచి ఫోను తీసి ఆసుపత్రిలో ఉన్న పైడమ్మకి కలిపి, ఫోను జాడీ పక్కన పెట్టి, కథ చెప్పుకుంటూ మిగతా గేదెల పాలు తీయడం.

నేను పైడమ్మ వైపు చూశాను. ఆవిడ బిగుసుకుపోయిన ఆ బొటనవేలితో కర్ర మీద గీస్తూ అంది.

"ఫోను సెవికాడెట్టుకుని పడుకున్నాను. పాలు పడతన్నట్టు ఇనిపిత్తంది. ఈయన మాటినిపిత్తంది. పక్క మంచం ఆవిడ, ఎవులమ్మా ఫోన్లో, అంతసేపు మాటాడతన్నారు అనడిగింది. మా గేదెలకి పాలు తీత్తన్నాడమ్మా మా ఇంటాయన అన్నాను. అలగే ఆ మాటలు ఇంటా ఇంటా నిద్దరోయాను బాబూ. పెల్లయినకాడినుంచి, పాలు తీసే ఏల దాటిపోతాదన్న బయం నేకుండా నాను నిద్దరోయింది ఆ పూటే."